వణుకు కన్నా ఇరవై ఏళ్ల ముందు

పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకున్న తాతయ్య చెయ్యి వణుకుతుంది. చొక్కా మీద నాలుగు చుక్కలు పడతాయి. ‘‘ఏంటి తాతయ్యా, చెయ్యి అలా వణుకుతోంది?’’ అంటే ‘‘వయసురా’’ అని నవ్వేస్తారు. కొన్నాళ్లకు నడక నెమ్మదిస్తుంది. సంతకం చీమల బారులా చిన్నదైపోతుంది. అప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం. పార్కిన్సన్స్ అంటారాయన. ‘‘ఎప్పటి నుంచి ఉంది?’’ అని అడిగితే ఇంట్లో అందరం ఒకే మాట చెబుతాం... ‘‘ఓ ఆరు నెలలుగా అండీ.’’

అదే ప్రశ్న నానమ్మను పక్కకు పిలిచి అడగండి. లెక్క మారిపోతుంది. ‘‘పదేళ్లుగా మీ తాతయ్య నిద్రలో కేకలేస్తారు. ఎవరినో తంతున్నట్టు కాళ్లు విసురుతారు. ఓసారి నాకే తగిలింది. పక్కన పోపు మాడుతున్నా వాసన తెలీదు. ఇక మోషన్ సంగతంటావా, పదిహేనేళ్ల నుంచీ ఇసబ్‌గోల్ లేనిదే పని జరగదు.’’

ఈ తాతయ్య, నానమ్మ నేను ఊహించి చెప్పినవాళ్లే. కానీ నానమ్మ చెప్పిన మూడు విషయాలూ ఊహ కాదు. నిద్రలో కాళ్లూ చేతులూ విసరడం, వాసన తెలియకపోవడం, ఏళ్ల తరబడి మలబద్ధకం... ఈ మూడూ పార్కిన్సన్స్ వచ్చిన చాలామందిలో వణుకు కన్నా ముందే, కొందరిలో పది ఇరవై ఏళ్ల ముందే కనిపిస్తాయి. మెదడు జబ్బుకి పొట్టతో పనేంటి? ముక్కుతో పనేంటి? ఈ వారం కథ అదే.

లండన్ వీధుల్లో ఆరుగురు

1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టర్ ‘వణుకు పక్షవాతం’ గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. అందులో ఆయన వివరించింది ఆరుగురినే. వాళ్లలో కొందరు ఆయన పేషెంట్లు కూడా కాదు. వీధిలో నడుస్తుంటే చూసి, ఆపి మాట్లాడినవాళ్లు. ముందుకు వంగిన నడక, విశ్రాంతిగా ఉన్నప్పుడు వణికే చెయ్యి, వీటితో పాటు మలబద్ధకం గురించి కూడా ఆయన రాసుకున్నారు. అంటే పొట్ట సంగతి మొదటి రోజు నుంచే కేస్ షీట్‌లో ఉందన్నమాట. కాకపోతే రెండు వందల ఏళ్ల పాటు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. అందరి కళ్లూ మెదడు మీదే. మెదడు కింది భాగంలో నల్లగా కనిపించే ఒక చిన్న ప్రాంతం ఉంటుంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. మన కదలికలు సాఫీగా సాగాలంటే అది ఉండాలి. ఆ కణాలు చచ్చిపోతుంటే వణుకు, బిగుసుకుపోవడం, నెమ్మదించడం వస్తాయి. వణుకు బయటపడే నాటికే వాటిలో సుమారు సగం పోయి ఉంటాయని అంచనా.

1912లో ఫ్రెడరిక్ లెవీ అనే డాక్టర్ ఈ రోగుల మెదడు కణాల్లో గుండ్రటి మచ్చల్లాంటివి చూశారు. అవే ఇప్పటికీ ‘లెవీ బాడీస్’. అవి దేనితో తయారయ్యాయో తెలియడానికి ఇంకో 85 ఏళ్లు పట్టింది. 1997లో జవాబు దొరికింది. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్. అది మన అందరి నాడీకణాల్లోనూ ఉండేదే. మీలో ఉంది, నాలో ఉంది. మరి అందరిలో ఉండే ప్రోటీన్ కొందరికే ఎందుకు శత్రువైంది?

మడత తప్పిన దండ

ప్రోటీన్ అంటే జిమ్‌లో డబ్బాలో అమ్మే పౌడర్ అనుకోకండి. ఇక్కడ ప్రోటీన్ అంటే ఒక పూసల దండ. అమైనో ఆమ్లాలు అనే పూసలు వరసగా గుచ్చి ఉంటాయి. ఆల్ఫా సిన్యూక్లిన్‌లో 140 పూసలు. చాలా ప్రోటీన్లు ఈ దండను ఒక పద్ధతిలో మడుచుకుంటేనే పని చేస్తాయి. మన సిన్యూక్లిన్ కాస్త వదులుగా, ఎటు కావాలంటే అటు వంగేలా ఉంటుంది. నాడీకణాల చివర్లలో ఉంటూ, ఒక కణం నుంచి ఇంకో కణానికి సంకేతాలు పంపే పనిలో సాయం చేస్తుంది.

అప్పుడప్పుడు ఒక దండ తప్పుగా మడతపడుతుంది. అదేమీ పెద్ద వింత కాదు. రోజూ జరుగుతూనే ఉంటుంది. కణంలో చెత్త ఏరివేసే ఏర్పాట్లు ఉన్నాయి, అవి వాటిని ఎప్పటికప్పుడు ముక్కలు చేసేస్తాయి. వయసు మీదపడేకొద్దీ ఆ పారిశుద్ధ్యం మందగిస్తుంది. అప్పుడు తప్పు మడతలు మిగిలిపోతాయి. అసలు సమస్య అక్కడ మొదలవుతుంది. ఎందుకంటే ఈ తప్పు మడత పక్కవాటికీ అంటుకుంటుంది.

రాత్రి అమ్మ పాలు తోడు పెడుతుంది కదా. గిన్నెడు పాలలో ఒక్క చెంచా పెరుగు వేస్తుంది. తెల్లారేసరికి గిన్నె మొత్తం పెరుగే. తప్పు మడత పడిన సిన్యూక్లిన్ కూడా తోడులా పనిచేస్తుంది. తన పక్కన ఉన్న మామూలు సిన్యూక్లిన్‌ను తన రూపంలోకి లాగేస్తుంది. అది ఇంకోదాన్ని లాగుతుంది. ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతాయి. ఆ పోగులు విరిగితే, ఒక్కో ముక్కా మళ్లీ కొత్త తోడే.

ఒక్క తేడా ఉంది. పెరుగు తోడులో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది. ఇక్కడ ప్రాణం ఉన్నది ఏదీ లేదు. ఆ లెక్కన పటికబెల్లం ఇంకా దగ్గరి పోలిక. చిక్కటి పంచదార పాకంలో ఒక దారం వేలాడదీస్తే, మొదట ఒక పలుకు కడుతుంది. ఆ పలుకు మీద మరో పొర, దాని మీద ఇంకో పొర. కొన్ని రోజులకు దారం నిండా గట్టి గడ్డలు. అక్కడ పనిచేసింది ఆకారం ఒక్కటే. ప్రాణం లేని ఆకారం తన నకళ్లు తానే తీసుకోగలదు అన్నమాట.

పిచ్చి ఆవులు నేర్పిన పాఠం

‘ప్రోటీన్ ఒక్కటే జబ్బును మోసుకెళ్తుందా? వైరస్ లేదు, బ్యాక్టీరియా లేదు, ఏం చెప్తున్నారు?’ అని మీకు అనుమానం వస్తే, మీరు మంచి కంపెనీలోనే ఉన్నారు. 1982లో స్టాన్లీ ప్రూసినర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ మాటే అంటే తోటి శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మలేదు. అలాంటి ప్రోటీన్‌కు ఆయన పెట్టిన పేరు ప్రయాన్. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆ మధ్యకాలంలో బ్రిటన్ ఒక భయంకరమైన పాఠం నేర్చుకుంది. 1986లో అక్కడి ఆవుల్లో ఒక వింత జబ్బు గుర్తించారు. ఆవులు తూలిపోతూ, బెదిరిపోతూ, చివరికి కూలబడి చచ్చిపోయేవి. అదే పిచ్చి ఆవు వ్యాధి. చచ్చిన పశువుల మాంసం, ఎముకల పొడిని మళ్లీ ఆవులకే దాణాలో కలిపి పెట్టడం వల్ల అది పాకింది. గడ్డి తినే జంతువుకు మాంసం మేపారు. బ్రిటన్‌లోనే లక్షా ఎనభై వేలకు పైగా పశువుల్లో ఆ జబ్బు నిర్ధారణ అయింది. 1996లో ఇంకో పిడుగు. ఆ మాంసం ద్వారా మనుషులకూ వచ్చింది. ఆ దేశంలో 178 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది యువకులే.

మన కథకు కావాల్సింది ఇక్కడుంది. వాళ్లు తిన్నది నోటితో. జబ్బు వచ్చింది మెదడుకి. మధ్యలో దారి ఏది? జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఆ దారి దొరికింది. ప్రయాన్ ముందు పేగుల గోడల్లోకి వెళ్తుంది. అక్కడి నుంచి పేగుల్లోని నాడుల్లోకి. ఆ నాడులు పట్టుకుని ఒక్కో కణం దాటుకుంటూ వెన్నుపాముకు, మెదడుకు చేరుతుంది. ఏళ్లు పడుతుంది. పపువా న్యూగినీలో ఫోరే అనే తెగవాళ్లు ఒకప్పుడు చనిపోయిన ఆత్మీయుల శరీరాన్ని అంత్యక్రియల్లో భాగంగా తినేవారు. దాని వల్ల వాళ్లలో కురు అనే ప్రయాన్ జబ్బు పాకింది. ఆ ఆచారం ఆగిపోయాక కూడా, చిన్నప్పుడు తిన్నవాళ్లలో కొందరికి యాభై ఏళ్లు దాటాక జబ్బు బయటపడింది. మెదడు జబ్బు ఒళ్లంతా తిరిగి తీరిగ్గా మెదడుకు రాగలదు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

పార్కిన్సన్స్ ప్రయాన్ జబ్బు కాదు. అది అంటువ్యాధీ కాదు. ఈ మాట కింద మళ్లీ గట్టిగా చెప్తాను. కానీ ఒంట్లో తప్పు మడత నడిచే దారి రెండింటిలోనూ ఒకేలా ఉందా అన్న ప్రశ్న మాత్రం శాస్త్రవేత్తలను వదల్లేదు.

బ్రాక్ గీసిన మ్యాప్

2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ బృందం ఒక మ్యాప్ గీసింది. చనిపోయినవాళ్ల మెదళ్లను పొరలు పొరలుగా కోసి, సిన్యూక్లిన్ ముద్దలు ఎక్కడెక్కడ ఉన్నాయో వరసగా గుర్తించారు. జబ్బు ముదిరినవాళ్లలో మెదడు పైపొరల దాకా ఉన్నాయి. అది ఊహించిందే. జబ్బు లక్షణాలే లేకుండా పోయిన కొందరిలో మాత్రం ముద్దలు రెండే చోట్ల ఉన్నాయి. ఒకటి, వాసనను అందుకునే ప్రాంతం. రెండోది, మెదడు కాండంలో వేగస్ నాడి మొదలయ్యే చోటు. డోపమైన్ కణాలు ఉండే నల్లటి ప్రాంతం ఆయన లెక్కలో మూడో మజిలీ. మొత్తం ఆరు మజిలీలు.

వేగస్ అంటే లాటిన్‌లో ‘తిరుగుబోతు’ అని అర్థం. పేరుకు తగ్గట్టే మెదడు కింది నుంచి బయల్దేరి మెడ, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగుల దాకా తిరిగొచ్చే నాడి అది. అందులోని పోగుల్లో ఎక్కువ భాగం కింది నుంచి పైకి కబుర్లు మోసేవే. ఇక పేగుల గోడల్లో సొంతంగా పది కోట్లకు పైగా నాడీకణాలు ఉన్నాయి. వాటిలోనూ ఇదే సిన్యూక్లిన్ ఉంటుంది.

బ్రాక్ ఈ చుక్కలన్నీ కలిపి ఒక ఊహ ముందుపెట్టారు. ముక్కు, పేగు... ఒంట్లో బయటి ప్రపంచానికి తెరిచి ఉన్న రెండు ద్వారాలు ఇవి. బయటి నుంచి వచ్చిన ఏదో ఒకటి ఇక్కడి నాడుల్లో మొదటి తప్పు మడతను పుట్టిస్తోందేమో. అది నాడుల తీగ పట్టుకుని పైకి పాకుతోందేమో. అదే నిజమైతే నానమ్మ లెక్క సరిగ్గా సరిపోతుంది. ముందు మలబద్ధకం, వాసన పోవడం. తర్వాత మెదడు కాండం, అంటే నిద్రలో గొడవ. ఆ తర్వాతే వణుకు.

సాక్ష్యాలు ఏమంటున్నాయి?

ఊహ బాగుంటే సరిపోదు, సాక్ష్యం కావాలి. మూడు సాక్ష్యాలు చూద్దాం.

మొదటిది 2008లో వచ్చింది. అంతకు ముందు చాలా ఏళ్ల క్రితం కొందరు పార్కిన్సన్స్ రోగుల మెదడులో, గర్భస్థ పిండాల నుంచి తీసిన పడుచు నాడీకణాలు నాటారు. డోపమైన్ తయారుచేస్తాయన్న ఆశతో. ఆ రోగులు పది పదిహేనేళ్ల తర్వాత చనిపోయాక పరీక్ష చేస్తే, స్వీడన్‌లో, అమెరికాలో రెండు బృందాలకు ఒకే దృశ్యం కనిపించింది. నాటిన కణాల్లో కూడా లెవీ బాడీస్. ఆ కణాల వయసు పదిహేనేళ్లు. అంత చిన్న వయసు కణాలకు ఈ జబ్బు రాకూడదు. పక్కనున్న ముసలి కణాల నుంచి పాకి ఉండాలి. అదే సమయంలో మూడో బృందం మాత్రం తమ రోగుల్లో అలాంటివి కనిపించలేదని రాసింది. సైన్స్‌లో ఇలాగే ఉంటుంది. ఒకే కోర్టులో ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబుతారు.

రెండో సాక్ష్యం పాత ఆపరేషన్లది. కడుపులో అల్సర్లకు ఇప్పటిలా మంచి మందులు లేని రోజుల్లో, యాసిడ్ తగ్గించడానికి వేగస్ నాడిని కోసేసేవారు. ఒక విధంగా అది రోడ్డు మూసేయడమే. మరి ఆ దారి మూసుకుపోయినవాళ్లకు పార్కిన్సన్స్ తక్కువ వచ్చిందా? డెన్మార్క్‌లో 2015లో, స్వీడన్‌లో 2017లో వేలమంది రికార్డులు తిరగేశారు. నాడి ప్రధాన కాండాన్నే కోసినవాళ్లలో, చాలా ఏళ్లు గడిచాక, ముప్పు దాదాపు 40 శాతం తక్కువగా కనిపించింది. నాడిలో చిన్న కొమ్మను మాత్రమే కోసినవాళ్లలో ఆ తేడా లేదు. ఇక్కడ కూడా ఒక పేచీ ఉంది. డెన్మార్క్ లెక్కలనే ఇంకో బృందం తిరిగి చూసి, తేడా ఉందని గట్టిగా చెప్పలేమంది.

మూడోది ఎలుకల ప్రయోగం. 2019లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం గోడల్లోకి తప్పు మడత పడిన సిన్యూక్లిన్‌ను ఎక్కించారు. నెల రోజులకు అది మెదడు కాండంలో కనిపించింది. తర్వాత డోపమైన్ కణాల దాకా వెళ్లింది. నెలలు గడిచేకొద్దీ ఎలుకల కదలికలు చెడ్డాయి, జ్ఞాపకశక్తీ తగ్గింది. కొన్ని ఎలుకలకు ముందే వేగస్ నాడిని కోసేశారు. వాటి మెదడుకు ఏమీ కాలేదు. ఇంకొన్ని ఎలుకలు పుట్టుకతోనే సొంత సిన్యూక్లిన్ లేనివి. వాటికీ ఏమీ కాలేదు. పాలు లేని గిన్నెలో ఎంత తోడు వేసినా ఏం తోడుకుంటుంది?

అందరికీ పొట్ట నుంచేనా?

కాదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట. కొందరు పార్కిన్సన్స్ రోగుల మెదళ్లలో బ్రాక్ మ్యాప్ సరిపోలేదు. వేగస్ ప్రాంతం శుభ్రంగా ఉండి, ముద్దలు పై భాగాల్లో ఉన్నాయి. 2020లో డెన్మార్క్‌లోని ఆర్హస్ శాస్త్రవేత్తలు స్కాన్ల సాయంతో దీనికి ఒక దారి చూపించారు. నిద్రలో కాళ్లూ చేతులూ విసిరే అలవాటు ముందు నుంచీ ఉన్నవాళ్లలో పేగు, గుండె నాడులు ముందు దెబ్బతిని, మెదడులో డోపమైన్ తర్వాత తగ్గింది. ఆ అలవాటు లేనివాళ్లలో వరస తిరగబడింది. మెదడు ముందు, ఒళ్లు తర్వాత. అంటే వణుకు ఒకటే కావచ్చు, అది వచ్చిన దారులు మాత్రం రెండు. ఒకటి ఒంటి నుంచి మెదడుకు, ఇంకోటి మెదడు నుంచి ఒంటికి.

ఎవరిలో మొదటి తప్పు మడత ఎందుకు పడుతుందన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. కొన్ని కుటుంబాల్లో జన్యువులే కారణం. కొన్ని పురుగుమందులతో ఎక్కువగా పనిచేసినవాళ్లలో పార్కిన్సన్స్ ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. వయసు అన్నిటికన్నా పెద్ద కారణం. ఇవన్నీ కలిసే పనిచేస్తాయి తప్ప ఒక్క దోషిని పట్టుకుని బోనెక్కించే పరిస్థితి లేదు.

అంటుకుంటుందా?

ఇంతసేపూ ‘పాకుతుంది’, ‘తోడుకుంటుంది’ అని రాశాను కాబట్టి ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. జవాబు ఒకటే. అంటుకోదు. పాకడం అంతా ఒక మనిషి ఒంట్లోనే, ఒక కణం నుంచి పక్క కణానికి. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి కాదు. తాతయ్య తాగిన గ్లాసులో నీళ్లు తాగినా, ఆయన చెయ్యి పట్టుకుని నడిపించినా, ఒకే కంచంలో తిన్నా, ముద్దు పెట్టినా ఏమీ కాదు. నలభై ఏళ్లు పక్కనే పడుకున్న నానమ్మకూ అది అంటుకోదు.

ఇది నోటి మాట కాదు. ఒకప్పుడు ఎత్తు పెరగని పిల్లలకు చనిపోయినవారి పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. వాటి ద్వారా కొందరికి ప్రయాన్ జబ్బు సోకిందని తెలిసి 1985లో ఆపేశారు. ఆ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లను అమెరికాలో తర్వాత చాలా ఏళ్లు గమనించారు. పార్కిన్సన్స్ వచ్చిన దాఖలా కనిపించలేదు. సూదితో నేరుగా ఎక్కించినప్పుడే కనిపించనిది, పక్కన కూర్చుంటే వస్తుందా?

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మన ఇళ్లల్లో ఈ భయం ఊరికే పోదు. పెళ్లికి తీసుకెళ్తే నలుగురూ చూస్తారని ఇంట్లోనే ఉంచేస్తారు. మనవడిని ఎత్తుకోనివ్వరు. విడిగా గ్లాసు, విడిగా కంచం పెడతారు. చెయ్యి వణికే మనిషికి వణుకు కన్నా ఎక్కువ నొప్పి ఆ విడి గ్లాసు.

నిద్రలో యుద్ధాలు

ఇప్పుడు నానమ్మ చెప్పిన మొదటి మాటకు వద్దాం. కల వచ్చేటప్పుడు మన ఒళ్లు దాదాపు చచ్చుబడి ఉంటుంది. కలలో పరిగెత్తినా మంచం మీద కదలం. ఆ స్విచ్ మెదడు కాండంలో ఉంది. అది పాడైతే కలలో చేసేదంతా నిజంగానే చేస్తారు. అరుస్తారు, గుద్దుతారు, మంచం మీద నుంచి దూకుతారు. 1986లో అమెరికాలోని మిన్నెసోటాలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ అనే డాక్టర్లు దీన్ని ఒక జబ్బుగా గుర్తించారు. పదేళ్ల తర్వాత చూస్తే, ఈ సమస్యతో వాళ్ల దగ్గరికి వచ్చిన 29 మంది పెద్దవయసు మగవాళ్లలో 38 శాతం మందికి పార్కిన్సన్స్ లాంటి జబ్బు వచ్చింది. 2019లో ఎన్నో దేశాల డాక్టర్లు కలిసి 1,280 మంది లెక్క తీశారు. 12 ఏళ్లలో సుమారు 73 శాతం మందిలో పార్కిన్సన్స్ గానీ, దాని దగ్గరి జబ్బు గానీ బయటపడుతుందని తేలింది.

మలబద్ధకం సంగతి వేరు. హవాయిలో 6,790 మంది మగవాళ్లను 24 ఏళ్ల వరకు గమనించారు. రోజుకు ఒక్కసారి కూడా మోషన్ కానివాళ్లలో, రోజుకు ఒకసారి అయ్యేవాళ్ల కన్నా పార్కిన్సన్స్ 2.7 రెట్లు ఎక్కువ వచ్చింది. చదవగానే గుండె జారిందా? అసలు అంకె చూడండి. ఆ మొత్తం 6,790 మందిలో జబ్బు వచ్చింది 96 మందికే. కాబట్టి హాస్టల్ తిండి తిని, నీళ్లు తాగక మలబద్ధకం వచ్చిన పాతికేళ్ల కుర్రాడు ఈ కాలమ్ చదివి రాత్రంతా గూగుల్ చెయ్యనక్కర్లేదు. నీళ్లు, కూరగాయలు, నడక చాలు. జలుబుకో, కోవిడ్‌కో వాసన పోయినా అదీ వేరే లెక్క.

ముందే తెలిస్తే ఏం లాభం?

నిజం చెప్పాలంటే, ఈ రోజుకి తప్పు మడత పాకకుండా ఆపే మందు లేదు. ఆ ముద్దలను పట్టుకునేలా తయారుచేసిన యాంటీబాడీల మీద జరిగిన మొదటి పెద్ద పరీక్షలు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2023లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. వెన్నుపాము చుట్టూ ఉండే నీటిని కొంచెం తీసి, అందులో మామూలు సిన్యూక్లిన్ కలిపి చూస్తారు. నమూనాలో తప్పు మడత ఉంటే ఆ సిన్యూక్లిన్ అంతా తోడుకుంటుంది. వంటింట్లో పాలు తోడుకున్నాయో లేదో చూసినట్టే. ఈ పరీక్ష పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో సుమారు 88 శాతం మందిని పట్టుకుంది. వణుకు రాకముందే పట్టుకోగలిగితే, కణాలు ఇంకా బతికుండగానే కొత్త మందులను పరీక్షించొచ్చు. సగం కణాలు పోయాక మందు వేయడం అంటే, గిన్నె మొత్తం తోడుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టడమే.

ఇప్పుడున్న మందులు జబ్బును ఆపవు కానీ జీవితాన్ని చాలా తేలిక చేస్తాయి. వాటిలో ముఖ్యమైనది లెవోడోపా. ఈ రసాయనం మన పొలం గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లోనూ ఉంటుంది. 1937లో మద్రాసు శాస్త్రవేత్తలే దాన్ని ఆ గింజల నుంచి వేరుచేసి చూపించారు. ఇది చదివి తాతయ్యకు దూలగొండి పొడి ఆర్డర్ పెట్టకండి. గింజలో మందు ఎంతుందో కొలత ఉండదు. డాక్టర్ ఇచ్చే మాత్రతో కలిస్తే డోసు ఎక్కువైపోతుంది. రోజూ వ్యాయామం మాత్రం ఎవరినీ అడగకుండా మొదలుపెట్టించొచ్చు. నడక, సాగదీసే కసరత్తులు, డాన్సు... కదలికలకు వీటితో మేలు జరుగుతుంది.

మీ చేతిలో ఉన్నది

ఇంట్లో అందరికన్నా మీ చేతిలో ఒక పనిముట్టు ఎక్కువుంది. ఫోన్. తాతయ్య నిద్రలో కాళ్లు విసురుతుంటే, నానమ్మను అడిగి, తాతయ్యకు చెప్పి ఒక వీడియో తీయండి. స్టేటస్‌లో పెట్టడానికి కాదు, న్యూరాలజిస్ట్‌కు చూపించడానికి. ‘నిద్రలో కదులుతారు’ అని పది నిమిషాలు చెప్పేదాన్ని ముప్పై సెకన్ల వీడియో చెప్పేస్తుంది. అప్పటిదాకా మంచం పక్కన గాజు వస్తువులు, పదునైన మూలలు ఉంటే జరపండి. కింద ఒక పరుపు వేయండి.

నానమ్మ దగ్గర కూర్చుని పాత లెక్కలు రాసుకోండి. వాసన ఎప్పటి నుంచి తెలీదు, మలబద్ధకం ఎన్నాళ్లు, నిద్ర గొడవ ఎప్పుడు మొదలైంది. వాడుతున్న మందుల చీటీలన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. ఎందుకంటే వాంతులకు, కళ్లు తిరగడానికి ఇచ్చే కొన్ని మందులు కూడా అచ్చం పార్కిన్సన్స్ లాంటి వణుకు తెప్పిస్తాయి. అలాంటప్పుడు డాక్టర్ మందు మారిస్తే వణుకు తగ్గే అవకాశం ఉంటుంది. మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి.

ఇంకొకటి. ‘తొందరగా రండి తాతయ్యా’ అనే మాట తగ్గించండి. ఆయన మొహంలో నవ్వు కనిపించకపోతే కోపంగా ఉన్నారనుకోకండి. ఈ జబ్బులో మొహం కండరాలు కూడా బిగుసుకుంటాయి. నవ్వు లోపల ఉంటుంది, బయటికి రావడానికి టైమ్ పడుతుంది.

ఏప్రిల్ 11 జేమ్స్ పార్కిన్సన్ పుట్టినరోజు. ప్రపంచ పార్కిన్సన్స్ దినం కూడా అదే. ఆయన చేసిన గొప్ప పని ఏంటో తెలుసా? లండన్ వీధిలో అందరూ దాటుకుంటూ వెళ్లిపోయిన మనిషి దగ్గర ఆగి, ‘ఎప్పటి నుంచి ఇలా ఉంది?’ అని అడగడం. రేపు పొద్దున కాఫీ గ్లాసు వణికినప్పుడు మీరూ ఆ ప్రశ్నే అడగండి. తాతయ్య ‘వయసురా’ అని నవ్వేస్తే ఊరుకోకండి. నానమ్మనూ అడగండి.